న్యూట్రల్ అందలేదని ఎర్తింగుకి కట్టకండి

మళ్లీ అదే మెసేజ్. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ‘అందరికీ పంపండి’ అన్న మాటతో సహా. అందులో ఏముందంటే: డీబీలో (ఇంట్లో బ్రేకర్లుండే పెట్టెలో) కొత్త బ్రేకర్ పెడుతుంటే న్యూట్రల్ వైరు పొట్టిగా వచ్చిందా? న్యూట్రల్‌లో కరెంటు ఉండదు కాబట్టి ఏ రంగుదో ఏ సైజుదో ఒక ముక్క మెలేసి టేపు చుట్టండి. లేదా పక్క సర్క్యూట్ న్యూట్రల్‌కి కలపండి. అదీ కుదరకపోతే ఎర్తింగుకి కట్టండి. ఆ తరవాత ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టి కరెంటు కట్ చేసేది) పడుతుంటే అది పాడైనట్టే, తీసేయండి. గోడలో కొత్త వైరు మాత్రం లాగించొద్దు. ఇదీ సారాంశం.

బెజవాడలో దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు నీట నానిన బోర్డులు మార్చినప్పుడు, నల్లబడిన రాగి కొసలు కత్తిరించాల్సి వచ్చింది. వైరు పొట్టిదైపోయింది. ఓవర్‌లోడునీ లీకేజీనీ రెండిటినీ పట్టే బ్రేకర్, అంటే ఆర్‌సీబీవో పెడితే ఇంకో చిక్కు: ఇదివరకు న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) దాకా వస్తే సరిపోయిన వైరు ఇప్పుడు బ్రేకర్ దాకా అందాలి.

న్యూట్రల్‌లో కరెంటు ఉండదని ఎవరు చెప్పారు? టెస్టర్ వెలగదు, అంతే. ఏసీ నడుస్తుండగా టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) ఫేజుకి ఒకసారి, న్యూట్రల్‌కి ఒకసారి తగిలించి చూడండి. 7 ఆంపియర్లు వెళితే 7 ఆంపియర్లూ తిరిగొస్తాయి. అందుకే పాత వైరు 4 స్క్వేర్ ఎంఎం అయితే అతికే ముక్కా 4 ఉండాలి. మెలేసిన అతుకు వదులైతే అక్కడే వేడెక్కుతుంది. ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరుగుతుంది, టేపు జిగురు కరిగి పక్కకి జారుతుంది. కరెంటు మోతాదు మించితే ఆపేసే ఎంసీబీ పడదు. పెరిగింది వేడి, కరెంటు కాదు.

రంగు సంగతంటారా, న్యూట్రల్‌కి వాడే నల్ల వైరు గవర్నర్‌పేటలో ఏ షాపులో అడిగినా ఇస్తారు.

పక్క సర్క్యూట్‌కి కలిపితే లింకు దాకా రెండిటి లోడూ ఒకే వైరు మోస్తుంది. రేపెవరో ఒక ఎంసీబీ ఆపేసి, కరెంటు లేదనుకుని ఆ న్యూట్రల్ విప్పితే, రెండో సర్క్యూట్ లోడు గుండా వచ్చే కరెంటు ఆ విప్పినవాళ్లకే షాక్ కొడుతుంది.

ఎర్తింగు మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతోంది. ఎర్త్ వైరు ఫ్రిజ్ బాడీకి, వాషింగ్ మెషీన్ బాడీకి తగిలించి ఉంటుంది. 2 కిలోవాట్ల గీజర్ న్యూట్రల్ దానికి కడితే ఏడెనిమిది ఆంపియర్లు అందులోంచి పోతాయి. మే నెలలో ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) ఎండి రెసిస్టెన్స్ 5 ఓములుందనుకోండి, ఆ బాడీలన్నిటి మీదా 35 వోల్టులు నిలుస్తాయి. పిట్ దగ్గర వైరు బిగించిన లగ్గు తుప్పుపట్టి ఊడిందా, గీజర్ ఎలిమెంటు గుండా 230 వోల్టులు నేరుగా ఫ్రిజ్ తలుపు మీదకి వస్తాయి. తడి చేతులతో ఆ తలుపు తీసేది మన పిల్లలు. అప్పుడూ ఎంసీబీ కదలదు.

కదిలేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఇంట్లో పెట్టేవాటికి 30 మిల్లీ ఆంపియర్ల తేడా చాలు, ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగి రాలేదని కట్ చేసేస్తుంది. దాన్నే పీకేయమంటోంది ఈ మెసేజ్! తప్పు చేయించడం, ఆ తప్పుని పట్టుకున్న ఒక్కగానొక్క పరికరాన్ని తీయించడం. ఇది రాసిన మహానుభావుడు ఒక్కసారైనా డీబీ మూత విప్పి చూశాడా?

ఒక్క మాట మాత్రం నిజం: కొత్త వైరు లాగించక్కర్లేదు. డీబీలో అతుకే ఉండకూడదని గోడ పగలగొట్టించే ఎలక్ట్రీషియన్లదే అక్కడ పొరపాటు. మెయిన్ ఆపి, అదే సైజు రాగి వైరు ముక్కకి కాపర్ స్లీవ్ వేసి, క్రింపింగ్ టూలుతో నొక్కి, పైన హీట్ ష్రింక్ తొడిగి, గట్టిగా లాగి చూస్తే చాలు. స్క్రూ కనెక్టరైనా సరే. అతుకు డీబీలో చేతికి అందేచోట ఉండాలి, పైపులోకి పోకూడదు. మెయిన్ ఆపినా దాని పైకొచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది కాబట్టి పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

గీజర్ స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందంటే ఎలిమెంటైనా లీకవుతుండాలి, న్యూట్రల్ అయినా తప్పుచోట బిగించి ఉండాలి. ఆర్‌సీసీబీని మార్చమనేముందు ఆ గీజర్ న్యూట్రల్ ఏ లింకులో ఉందో చూపించమనండి.