బండి రేటు పడింది, పార్టుల రేటు పడలేదు

సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎస్‌యూవీ సగం ధరకే వస్తుంది, నిజమే, కానీ బండి రేటు పడిపోయినంత మాత్రాన దాని పార్టుల రేట్లు పడవు, ఆ మాట అమ్మేవాళ్లు ఒక్కరూ చెప్పరు. ఒళ్లు మండేది అక్కడే. నా బండికి ఎయిర్ సస్పెన్షన్, అంటే స్టీలు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగులే బండిని మోస్తాయి. పొద్దున చూస్తే ముందు ఎడమ వైపు కుంగిపోయి, ఫెండర్ చక్రం మీదికి వాలి ఉంటుంది. రబ్బరు ఎయిర్ స్ప్రింగ్‌లో సన్నని పగులు, అంతే. కానీ తగ్గిన గాలి నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి అదీ కాలిపోతుంది, ఒక రిపేరు కాస్తా రెండవుతుంది! షోరూమ్ వాళ్లు మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు. బయటి మెకానిక్ దగ్గర లోపం ఎక్కడుందో బండి కంప్యూటర్ నుంచి చదివే, దానికి సరిపడే స్కానర్ ఉండదు. నెల జీతం మీద బతికేవాడికి డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగితే చాలు, గుండె గుభేలుమంటుంది. సస్పెన్షన్ ఎప్పుడు మార్చారో అమ్మేటప్పుడే కాగితం మీద రాసివ్వడానికి వీళ్లకేం నొప్పి?