చెత్తడబ్బాలో బూట్లు, ఒకే రోజు రెండు స్వర్ణాలు: జిమ్ థోర్ప్ ఫార్వర్డ్‌కి జవాబు

మళ్లీ వచ్చింది. ఈసారి ఒకే రోజు మూడు గ్రూపుల్లో. నలుపు తెలుపు ఫొటోలో ఒక ఆటగాడు, కాళ్లకు జత కుదరని బూట్లు, రెండు రకాల సాక్సులు. కింద కథ: 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పోటీ రోజు ఉదయం అమెరికా ఆదివాసి ఆటగాడు జిమ్ థోర్ప్ బూట్లు ఎవరో కొట్టేశారు. చెత్తడబ్బాలో దొరికిన రెండు బూట్లు వేసుకున్నాడు. ఒకటి పెద్దదైతే లోపల ఇంకో సాక్సు తొడిగాడు. ఆ రోజే రెండు స్వర్ణాలు గెలిచాడు. కాబట్టి సాకులు మానెయ్, పరుగెత్తు. కొన్ని మెసేజీల్లో, అతను సాధన అనేదే చేయలేదని ఒక తోక కూడా ఉంటుంది. వ్యాయామోపాధ్యాయుల గ్రూపుల్లోనూ ఇదే తిరుగుతోంది, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

“ఆ రోజే రెండు స్వర్ణాలు” అబద్ధం. స్టాక్‌హోమ్‌లో ఐదు అంశాల పోటీ పెంటాథ్లాన్ జులై 7న జరిగింది. పది అంశాల పోటీ డెకాథ్లాన్ జులై 13, 14, 15 తేదీల్లో మూడు రోజులు సాగింది. మొదటిదాంట్లో ఐదు అంశాల్లో నాలుగు గెలిచాడు, జావెలిన్‌లో మూడోవాడు. రెండోదాంట్లో 29 మంది దిగితే చివరిదాకా నిలిచింది 12 మందే. థోర్ప్‌కి 8,412 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న స్వీడన్ ఆటగాడు వీస్లాండర్‌కి 7,724. ఇవి కాక విడిగా హై జంప్‌లోనూ లాంగ్ జంప్‌లోనూ దిగాడు. ఇంత పెద్ద సంగతిని ఒక్క పూట ముచ్చటగా కుదించేశారు.

సాధన చేయలేదన్న మాట ఇంకా నీచం. అమెరికా జట్టు వెళ్లిన ఫిన్లాండ్ అనే ఓడ డెక్ మీద కార్క్ పరిచి ట్రాక్ వేశారు. ఆ ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్లు గెలిచిన రాల్ఫ్ క్రెయిగ్ తనతో కలిసి థోర్ప్ ఆ ఓడ మీద పరుగెత్తడం, వ్యాయామం చేయడం బాగా గుర్తుందని చెప్పాడు. ఆదివాసి అంటే బద్ధకస్తుడు, ఏదో పుట్టుకతో వచ్చిన బలం అని అప్పటి పత్రికలవాళ్లు రాసిన రాతలనే మనవాళ్లు పొగడ్త అనుకుని పంచుతున్నారు.

ఇక బూట్లు. ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను: ఫొటో నకిలీ కాదు. బూట్లు వేరే, సాక్సులు వేరే, కళ్లారా కనిపిస్తున్నాయి. తన జత కనిపించకుండా పోతే ఏదో ఒకటి సర్దుకున్నాడన్నది నమ్మదగిన మాటే. కానీ ఆ బూట్లు ఎక్కడ దొరికాయన్న దగ్గర ఒక్కో కథనం ఒక్కోలా ఉంది. కోచ్ వెతికి తెచ్చాడని ఒకటి, తోటివాళ్లు ఇచ్చారని ఒకటి, చెత్తడబ్బా అని ఒకటి. కన్నీళ్లు తెప్పించేది చెత్తడబ్బాయే కాబట్టి అదే నిలిచింది. తొమ్మిది రోజుల్లో ఆ రెండు పోటీల పదిహేను అంశాలూ ఆ జతతోనే ఆడాడనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

పైగా ఇంకో సాక్సు తొడిగితే సరిపోతుందన్నట్టు రాయడం పిల్లలకు హాని. అప్పటి బూటు తోలు అడుగుకి మేకులు దిగ్గొట్టినది, హై జంప్ బూటుకి మడమ కింద కూడా మేకులుండేవి. వదులు బూటులో మడమ జారుతుంది, మందం సాక్సు చెమటకి తడిసి బొబ్బలు లేపుతుంది. రెండు బూట్ల అడుగు మందం వేరైతే తుంటి ఒక పక్కకి వాలి, అడుగు కొలత మారిపోతుంది. లాంగ్ జంప్‌లో అడుగుకి 2 సెంటీమీటర్ల తేడా వచ్చిందనుకోండి, 18 అడుగులు వేసే రనప్‌లో మార్కు 36 సెంటీమీటర్లు తప్పుతుంది. టేకాఫ్ బోర్డు వెడల్పే 20 సెంటీమీటర్లు. ఫౌల్ అయినా అవుతుంది, చీలమండైనా బెణుకుతుంది. కొలతకి సరిపోని స్పైక్స్ ఇచ్చి, “థోర్ప్ గెలవలేదా?” అని ఏ పిల్లనీ అడగకండి.

అన్నిటికన్నా దారుణం చివరి వాక్యం. సాకులు చెప్పకుండా పరుగెత్తితే ఫలితం వస్తుందట! ఎవరి ఫొటో కింద రాస్తున్నారీ మాట? పరుగెత్తినవాడి దగ్గర నుంచి ఫలితం లాగేసుకున్న చరిత్ర కదా అతనిది!

1909, 1910 వేసవుల్లో థోర్ప్ నార్త్ కరోలినాలో చిన్న స్థాయి బేస్‌బాల్ లీగ్‌లో కొద్దిపాటి డబ్బుకి ఆడాడు. కాలేజీ కుర్రాళ్లు చాలామంది అదే పని చేశారు, కాకపోతే మారుపేర్లతో. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. 1913 జనవరిలో ఒక పత్రిక అది బయటపెట్టింది. అప్పటి ఒలింపిక్స్‌లో ఔత్సాహికులే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లే, దిగాలి. వెంటనే అతన్ని ఔత్సాహిక ఆటగాడు కాదన్నారు, పతకాలు వెనక్కి తీసుకున్నారు, రికార్డుల్లో పేరు కొట్టేశారు. నేనొక ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసి) బడిపిల్లవాణ్ని, ఇవన్నీ నాకు తెలియవు అని అతను ఉత్తరం రాసుకున్నాడు. ఎవరూ వినలేదు. అతని కోచ్ పాప్ వార్నర్ తనకేమీ తెలియదన్నాడు. తన జట్టు కుర్రాడు రెండు వేసవులు ఎక్కడున్నాడో కోచ్‌కి తెలియదంటే నేను నమ్మను.

ఇందులో అసలు అన్యాయం వినండి. ఆ ఒలింపిక్స్ నిబంధనల ప్రకారం అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లోపే చెప్పాలి. పత్రికలో వచ్చింది ఆరు నెలల తర్వాత. అంటే తీర్పు ఇచ్చినవాళ్లే తమ నిబంధన తప్పారు. అదే స్టాక్‌హోమ్‌లో సైన్యం జీతం తీసుకునే అధికారులు ఫెన్సింగ్, తుపాకీ కాల్పులు, గుర్రపుస్వారీ కలిసిన ఆధునిక పెంటాథ్లాన్‌లో దిగారు, అమెరికా లెఫ్టినెంట్ జార్జ్ పాటన్ ఐదో స్థానంలో నిలిచాడు. అవి నేర్చుకోవడం ఉద్యోగంలో భాగమైనా వాళ్లు ఔత్సాహికులే. పొట్టకూటికి బంతి ఆడినవాడు మాత్రం మోసగాడు! ఔత్సాహికులే ఆడాలన్న ఆ నిబంధన పెట్టింది డబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ వేరు చేయడానికే. థోర్ప్ చదివిన కార్లైల్ బడి ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకు దూరం చేసి, వాళ్ల భాష మాన్పించడానికి పెట్టినది. ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చిన చట్టం వచ్చింది 1924లో. వీటిని సాకులంటారా?

అదే ఒలింపిక్స్‌లో థోర్ప్ చేతిలో ఓడిన అవెరీ బ్రండేజ్ 1952 నుంచి 1972 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడు. ఆ ఇరవై ఏళ్లూ పతకాలు తిరిగి రాలేదు. థోర్ప్ పేరు కొట్టేశాక డెకాథ్లాన్ విజేతగా పేరెక్కిన వీస్లాండర్ మాత్రం అసలు విజేత థోర్పేనని చెప్పేవాడు. థోర్ప్ 1953లో చనిపోయాడు. 30 రోజుల నిబంధన ఉన్న పుస్తకాన్ని పరిశోధకురాలు ఫ్లోరెన్స్ రిడ్లన్ వెతికి పట్టుకున్నాక, 1982లో కమిటీ దిగొచ్చింది. 1983 జనవరిలో అతని పిల్లల చేతికి పతకాలిచ్చారు, అవీ నకళ్లే. రికార్డుల్లో మాత్రం సహవిజేత అనే ఉంచారు. ఏకైక విజేతగా పేరు మళ్లీ ఎక్కింది 2022 జులైలో.

ఫొటో తప్పకుండా పంపండి. సాక్సుల సంగతి కూడా రాయండి, నాకు అభ్యంతరం లేదు. చెత్తడబ్బా తీసేయండి, “ఆ రోజే” తీసేయండి, ఆ చివరి వాక్యం తీసేసి దాని చోట 1913, 1983, 2022 అని మూడు సంవత్సరాలు వేసి, ఏ ఏడు ఏం జరిగిందో రాయండి.