వాక్యాన్ని ముక్కలు చేసి అనువాదకుడి చేతికిస్తే...

వెబ్ అప్లికేషన్‌ను మరిన్ని భాషల్లోకి తేవాలన్న ఆలోచన చాలా సంస్థలకు పని అంతా ముగిశాకే వస్తుంది. కోడ్ సిద్ధంగా ఉంది, డిజైన్ ఖరారైంది, ఇక తెరమీది మాటలన్నీ ఒక పట్టికలోకి ఎక్కించి అనువాదకులకు పంపడమే తరువాయి అనుకుంటారు. తీరా ఆ అనువాదం కృతకంగా కనిపిస్తే నింద అనువాదకుడి మీద పడుతుంది. నిజానికి ఆ తప్పుల్లో ఎక్కువ భాగం కోడ్ రాసిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

దేన్నయినా తొలగించే ముందు అనుమతి అడిగే వాక్యాన్నే చూద్దాం. ప్రోగ్రామర్ వస్తువు పేరుకు ఖాళీ వదిలి మిగతా వాక్యాన్ని స్థిరంగా ఉంచుతాడు. ఇంగ్లీషులో ఆ ఖాళీలో ఏ నామవాచకం వచ్చినా ఇబ్బంది లేదు. తెలుగులో ఖాళీ పక్కన ‘ను’ అతికిస్తే ‘ఫోటోను తొలగించాలా?’ అన్నంతవరకు బాగానే ఉంటుంది కానీ, ‘పుస్తకంను తొలగించాలా?’ అని వచ్చేసరికి పంటికింద రాయి తగులుతుంది. ఖాళీలోకి ఏం వచ్చి పడుతుందో తెలియని అనువాదకుడు, ఎంత సమర్థుడైనా, ‘పుస్తకాన్ని’ అని రాయలేడు. ఒక్కో వస్తువుకు ఒక్కో పూర్తి వాక్యాన్ని విడిగా రాయించడమే దీనికి మందు. పట్టిక పొడవు పెరుగుతుంది, పెరగనివ్వాలి. వాడుకరులే పెట్టుకునే పేర్ల విషయంలో ఆ వీలు లేదు కాబట్టి, విభక్తి తగలని చోట, ఉదాహరణకు వాక్యం కింద ప్రత్యేక వరుసలో, ఆ పేరును చూపాలి.

ఏకవచన, బహువచనాలది ఇంకో చిక్కు. ఒకటైతే ఒక రూపం, కాకుంటే మరో రూపం అన్న షరతు ఇంగ్లీషుకూ తెలుగుకూ సరిపోతుంది. రష్యన్‌లో 1కి, 2కి, 5కి వేర్వేరు రూపాలున్నాయి, పైగా 21 మళ్లీ 1 దారిలోనే నడుస్తుంది. అరబిక్‌కు ఆరు వర్గాలు, జపనీస్‌కు ఒక్కటే. ఈ నియమాలను, అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలు కేటాయించే యూనికోడ్ కన్సార్టియం సీఎల్‌డీఆర్ అనే సమాచార నిధిలో ఏనాడో పొందుపరిచింది. బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లోని ‘ఇంటల్’ (Intl) అనే సిద్ధ సాధనం ద్వారా వాటిని నేరుగా వాడుకోవచ్చు. తేదీల వరుస, అంకెల మధ్య కామాలు కూడా అదే చూసుకుంటుంది. అయినా ఇప్పటికీ చేత్తో షరతులు రాసుకుంటూ కూర్చునేవారున్నారంటే అది అలవాటే తప్ప అవసరం కాదు.

పాఠ్యాన్ని దాచడం, కొలవడం, వెతకడం అనే పనుల్లో దాగిన తప్పులు అనువాదకుడి కంటికి అసలే ఆనవు. ‘లక్ష్మి’ అన్న పేరు చదివేవారికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో అది ఏడు సంకేతాలు, ఆ సంకేతాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకుని 20 బైట్ల హద్దు గీసిన డేటాబేస్‌లో ఇంత చిన్న పేరుకు చోటుండదు. మూడు సంకేతాల దగ్గర కత్తిరించే కోడ్‌కు చిక్కితే తెరమీద ‘లక్’ మిగులుతుంది. వెతుకులాట సంగతీ అంతే. ‘వెబ్‌సైట్’ అన్న మాటలో పొల్లు తర్వాత తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం ఒకటుంటుంది. దాన్ని పక్కన పెట్టి పోల్చే ఏర్పాటు లేకపోతే, ‘వెబ్సైట్’ అని టైపు చేసినవారికి ఫలితాలు దొరకవు.

వాడుకరి ఏ దేశంలో ఉన్నారో చూసి భాషను నిర్ణయించడం మరో దురలవాటు. వారు కోరుకునే భాషలేవో బ్రౌజర్ ప్రతి అభ్యర్థనతోనూ ‘యాక్సెప్ట్ లాంగ్వేజ్’ హెడర్‌లో, అంటే అభ్యర్థనకు జతచేసే ఒక సమాచార వరుసలో, చెబుతూనే ఉంటుంది. అయితే అదీ తొలి ఊహ మాత్రమే, మార్చుకునే మీట ప్రతి పేజీలోనూ ఉండాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేవి దోష సందేశాలు. హోమ్ పేజీని ముచ్చటగా అనువదిస్తారు కానీ, డబ్బు చెల్లింపు మధ్యలో ఆగిపోయినప్పుడు బయటి సర్వర్ పంపిన ఇంగ్లీషు వాక్యాన్ని యథాతథంగా తెరమీద పెట్టేస్తారు. వాడుకరికి తన భాష నిజంగా కావలసింది ఆ క్షణానే. ఆ సర్వర్ ఇచ్చే దోష సంఖ్యను బట్టి తమ పట్టికలోని వాక్యాన్ని చూపే ఏర్పాటు అప్లికేషన్ ఒకే భాషలో ఉన్న రోజుల్లోనే చేసుకుంటే, తర్వాత వచ్చే ప్రతి భాషకూ అనువాదకుడు ఆ వాక్యం ఒక్కటి రాసిస్తే చాలు.