అడగాల్సినవి ముందే అడగాలి

నగరపాలక సంస్థ కౌన్సిల్‌లో భారీ నిర్మాణ ప్రాజెక్టు ప్రస్తావన వచ్చిన రోజు తరచూ ఒకే తంతు నడుస్తుంది. విషయం టేబుల్ ఎజెండాగా, అంటే ముందే పంపిన జాబితాలో లేకుండా సమావేశంలోనే నేరుగా వస్తుంది. కాగితాలు సభ్యుల చేతికి అప్పటికప్పుడే అందుతాయి. ఒక పక్షం పోడియం ముందు బైఠాయిస్తుంది, ఇంకో పక్షం బల్లలు చరుస్తుంది, తీర్మానం మూజువాణి ఓటుతో గట్టెక్కుతుంది. వాదన అంతా ప్రాజెక్టు కావాలా, వద్దా అన్నదాని మీదే. దాన్ని ఎవరు పరిశీలించారు, ఏ లెక్కలతో పరిశీలించారు, ఆ లెక్కలు ఏ నెలలో తీసినవి అని అడిగేవారుండరు. ప్రాజెక్టు మంచిచెడ్డలు తేల్చేది ఆ లెక్కలే. అందుకే కౌన్సిల్ మొదట చర్చించాల్సింది పరిశీలన పద్ధతినేనని మేము భావిస్తున్నాం.

ఈ బాధ్యత కౌన్సిల్‌దే అనడానికి కారణం చట్టంలోనే ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన కట్టే భవనాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. నిర్మాణం 1.5 లక్షల చదరపు మీటర్లకు గానీ, స్థలం 50 హెక్టార్లకు గానీ చేరితే టౌన్‌షిప్‌ల కోవలోకి వస్తుంది. పెద్ద సిమెంటు కర్మాగారం పెట్టాలంటే 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించి, కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, దాన్నంతా వీడియో తీయాలి. భవనాలకు, టౌన్‌షిప్‌లకు అదే నోటిఫికేషన్ ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. వేలమంది కొత్తగా వచ్చి చేరే కాలనీ గురించి పక్క వీధివాళ్లు నోరు విప్పడానికి ఎన్నికైన కౌన్సిల్ తప్ప మరో వేదిక మిగల్లేదు. భవన అనుమతులు కమిషనర్ పరిధిలోవి, మనకెందుకని కార్పొరేటర్లు తప్పుకోవడం తగదు. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ.

ఏం అడగాలన్నదే అసలు విషయం. వెయ్యి ఫ్లాట్ల ప్రాజెక్టునే తీసుకుందాం. ఇంటికి ఐదుగురు చొప్పున ఐదు వేలమంది. మనిషికి రోజుకు 135 లీటర్లన్న జాతీయ ప్రమాణంతో 6.75 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. అందులో 80 శాతం, అంటే 5.4 లక్షల లీటర్లు మురుగుగా బయటికొస్తుంది. దరఖాస్తులో 'మున్సిపల్ సరఫరా' అని ఒక్క మాట రాస్తే సరిపోదు. ఏ రిజర్వాయర్ నుంచి, ఎన్ని అంగుళాల పైపులో, ఏ సంవత్సరం నుంచి ఇస్తారో నీటి విభాగం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ నీళ్లు సగమే అందినా మిగతా సగానికి పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు 34 కావాలి. ఆ ట్యాంకర్లను నింపే బోర్లు చుట్టుపక్కల కాలనీలవే. ఎండాకాలంలో వాటి నీటిమట్టం ఎంతో బిల్డర్ ఇచ్చే ప్రభావ మదింపు నివేదికలో లేకపోతే ఆ నివేదికను వెనక్కి పంపాలి.

వాన నీటి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. హెక్టారు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. పదెకరాల స్థలంలో, అంటే సుమారు నాలుగు హెక్టార్లలో, గంటలో ఐదు సెంటీమీటర్లు కురిస్తే 20 లక్షల లీటర్లు. అది మట్టి నేలగా ఉన్నప్పుడు మూడో వంతులోపే పారుతుంది, మిగతాది ఇంకుతుంది. కాంక్రీటు పరిచాక దాదాపు 90 శాతం గేటు దాటి కాలువలో పడుతుంది. ఆరు లక్షల లీటర్లు మోసిన నాలా మీద 18 లక్షల భారం మోపుతున్నామన్నమాట. దిగువన ఆ నాలా ఎక్కడ ఇరుకైందో, దాని మీద కల్వర్టులు ఎన్ని ఉన్నాయో చూడకుండా నాలుగు ఇంకుడు గుంతలు చూపించి అనుమతి తెచ్చుకుంటే, ఆ తేడా అంతా దిగువ బస్తీ ఇళ్లలోకి చేరుతుంది. వరద వచ్చాక వీధుల్లో తిరిగేది ఇదే కార్పొరేటర్లు.

ట్రాఫిక్ సర్వేల్లో పొరపాటు ఎక్కువగా తేదీలోనే దొరుకుతుంది. బడులకు సెలవులిచ్చిన మే నెలలో వాహనాలు లెక్కపెడితే ఏ రోడ్డయినా ఖాళీగానే కనిపిస్తుంది. మామూలు పనిదినాల్లో, ఉదయం, సాయంత్రం రద్దీ వేళలు కలిసేలా లెక్క తీయాలి. అదే రోడ్డు మీద ఇప్పటికే అనుమతి పొంది ఇంకా జనం చేరని ప్రాజెక్టుల వాహనాలనూ కలపాలి. ఒక్కో నివేదిక తన ప్రాజెక్టు ఒక్కదాన్నే చూస్తుంది గనుక, ఐదు ప్రాజెక్టులూ విడివిడిగా 'ప్రభావం స్వల్పం' అని తేల్చుకుని, కలిసి ఆ కూడలిని స్తంభింపజేస్తాయి. పర్యావరణ అనుమతికి పెట్టిన 20 వేల చదరపు మీటర్ల గీత దాటకుండా ఒకే స్థలాన్ని రెండు మూడు ముక్కలుగా చూపే ఎత్తుగడకూ ఇదే మందు: గేటు, అంతర్గత రోడ్డు, మురుగుశుద్ధి కేంద్రం ఉమ్మడిగా ఉంటే దాన్ని ఒకే ప్రాజెక్టుగా లెక్కించాలి.

నివేదిక రాసే కన్సల్టెంట్‌ను ఎంచుకునేదీ, డబ్బులిచ్చేదీ బిల్డరే. గుర్తింపు పొందిన సంస్థ అయినంత మాత్రాన ఈ చిక్కు పోదు. నీళ్లు, వరద, ట్రాఫిక్ లెక్కల వరకైనా మరో నిపుణుడితో సరిచూపించి, ఆ ఖర్చును బిల్డర్ నుంచి నగరపాలక సంస్థ డిపాజిట్‌గా తీసుకోవాలి. నిపుణుణ్ని మాత్రం నగరపాలక సంస్థే ఎంచుకోవాలి.

ఆలస్యమైతే వడ్డీల భారం పెరిగి, ఆ భారం చివరికి కొనుగోలుదారుల మీదే పడుతుందని బిల్డర్లు అంటున్నారు. ఆ మాటలో నిజముంది. అయితే నీళ్ల ప్రశ్న మొదట్లో వస్తే డ్రాయింగు మార్చుకుంటే సరిపోతుంది, పునాదులు పడ్డాక వస్తే కోర్టులే దిక్కు. నోయిడా జంట టవర్ల ప్రాజెక్టుకు 2005లో ఆమోదించిన ప్లానును 2006, 2009, 2012ల్లో సవరించుకుంటూ పోయారు. పక్క భవనానికి 16 మీటర్ల దూరం ఉండాల్సిన చోట 9 మీటర్లే మిగిలింది. 2021లో సుప్రీంకోర్టు కూల్చేయమంది, 2022 ఆగస్టు 28న అవి నేలమట్టమయ్యాయి. పుణెలో 552 ఫ్లాట్లకు పర్యావరణ అనుమతి తీసుకుని 807 కట్టిన కేసులో రూ.100 కోట్లు లేదా ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది చెల్లించాలని 2018లో అదే కోర్టు ఆదేశించింది. కాబట్టి సవరించిన ప్లాను ఏదైనా కొత్త దరఖాస్తుతో సమానంగా మళ్లీ కౌన్సిల్ ముందుకు రావాలి.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. పరిశీలనలో ఏయే అంశాలుండాలో దరఖాస్తు దశలోనే కౌన్సిల్ తీర్మానం చేసి, పర్యావరణ అనుమతి దరఖాస్తులను పరిశీలించే రాష్ట్ర మదింపు కమిటీకి పంపవచ్చు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతోంది. తెలుగులో నాలుగు పేజీల సారాంశం ముందే పంచి, ఆ కమిటీల్లో జనం మాట వినవచ్చు. ఇలాంటి ప్రాజెక్టులను టేబుల్ ఎజెండాగా తేవడాన్ని పూర్తిగా మానేయాలి. అసమ్మతి తెలిపిన సభ్యుల కారణాలు మినిట్స్‌లో యథాతథంగా ఉండాలి.

అనుమతి ఇచ్చాక పర్యవేక్షణ మరీ కొరవడుతోంది. షరతుల అమలుపై బిల్డర్లు ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు అర్ధ సంవత్సర నివేదికలు ఇవ్వాలి. వాటిని తదుపరి కౌన్సిల్ సమావేశం ఎజెండాలో పెట్టి, మురుగుశుద్ధి కేంద్రం కరెంటు బిల్లుతో పోల్చి చూస్తే అది నడుస్తోందో లేదో ఇట్టే తెలుస్తుంది. నిబంధనల ప్రకారం బిల్డర్ నుంచి నగరపాలక సంస్థ తనఖా పెట్టుకున్న 10 శాతం నిర్మాణాన్ని ఆ పరీక్ష పూర్తయ్యేదాకా విడిపించకూడదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.