పంచాంగ శ్రవణం తర్వాత మూడు నిమిషాలు

మొన్నటి మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికి ముందు, ఒకావిడకి మూడు నిమిషాలు మైకు ఇచ్చారు. మన నియోజకవర్గం నుంచి పెన్సిల్వేనియా ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న నర్సు. తెలుగావిడ కాదు. ఉగాది పచ్చడి తిని, వచ్చీరాని పలుకుతో "నమస్కారం" అని మొదలుపెట్టింది. బిడ్డ పుట్టినా, ఇంట్లో ఎవరైనా మంచం పట్టినా జీతంతో సెలవు దొరకాలని చెప్పింది. 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిన కనీస వేతనం పెంచాలని చెప్పింది. బడుల నిధుల గురించి ఎత్తుకోబోతుండగా వెనక వరసల నుంచి ఎవరో "రాజకీయాలు వద్దండీ, టైమైపోయింది" అని కేకేశారు. మైకు తీసేసుకున్నారు. ఆవిడ నవ్వుతూనే దిగి వెళ్లింది.

ఆ తర్వాత మన ఊళ్ల నుంచి వచ్చిన ఒక నాయకుడికి శాలువా కప్పి నలభై నిమిషాలు మాట్లాడనిచ్చాం. అక్కడి పార్టీల మీద ఆయన అన్న ప్రతి మాటకీ ఈలలు వేశాం. అది రాజకీయమని ఎవరూ అనలేదు.

ఆ కేక నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకో తెలియాలంటే మా బాబు పుట్టినప్పటి సంగతి చెప్పాలి.

2019 జనవరి. సిజేరియన్ అయింది. అప్పుడు నేను పనిచేసేది ముప్పై మంది కూడా లేని కంపెనీలో. 1993 నాటి ఫెడరల్ చట్టం పన్నెండు వారాల సెలవు ఇస్తుంది, కానీ దానికి జీతం ఉండదు. అది కూడా యాభై మందో అంతకన్నా ఎక్కువో ఉన్న కంపెనీలకే. నాకు అదీ లేదు. పైగా హెచ్1బీ. డాక్టరు కాగితం ఉంటే ఫర్వాలేదని లాయరు చెప్పినా, జీతం ఆగితే వీసా ఏమవుతుందోనని రాత్రిళ్లు ఒకటే టెన్షన్. ఏడో వారం మొదలవగానే ఎక్స్‌టన్ స్టేషన్లో రైలెక్కాను. కుట్లు ఇంకా లాగుతున్నాయి.

అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. కాయం డబ్బా, వాము, శొంఠిపొడి సూట్‌కేసులో తెచ్చుకుంది. స్మోక్ అలారం మోగుతుందని బాత్రూమ్ ఫ్యాను వేసి దాని కింద నిలబడి బాబుకి సాంబ్రాణి పట్టేది. ఆ పొద్దున నా చెవుల్లో తనే దూది పెట్టి, స్కార్ఫ్ బిగించి, "మన ఊళ్లో పచ్చి బాలింతని గడప దాటనివ్వరే" అని ఏడ్చింది. రైల్లో పాలు వచ్చి చొక్కా తడిసిపోయింది. కోటు గుండీలు పెట్టేసుకుని ఫిలడెల్ఫియా దాకా కూర్చున్నాను.

అదే నెలలో ఎడిసన్‌లో మా వదినకి పాప పుట్టింది. న్యూజెర్సీలో 2009 నుంచే జీతంలో కొంత భాగం ఇచ్చే కుటుంబ సెలవు ఉంది. కాన్పు తర్వాత కోలుకోవడానికి ఇచ్చే సెలవు, పాప కోసం ఇచ్చే సెలవు కలిపి మూడు నెలలు దాటి ఇంట్లో ఉంది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక నది. ఆ తేడా తెచ్చింది వాళ్ల శాసనసభ.

అమ్మ మాట గురించి తర్వాత చాలా ఆలోచించాను. పురుడంటే నాకెంతో ఇష్టం. పథ్యం, వేడినీళ్లు, పుట్టింటి మంచం, ఇవన్నీ మనవాళ్లు ఎంతో ప్రేమతో కట్టుకున్న ఏర్పాట్లు. కానీ నా పదో ఏట మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ కాన్పయిన ఇరవయ్యో రోజుకే పనిలోకి వచ్చింది. పెరట్లో వేపచెట్టుకి పాతచీర ఉయ్యాల కట్టి పసిదాన్ని పడుకోబెట్టి తోమింది. గడప దాటనివ్వరని ఏడ్చిన మా అమ్మే ఆవిడకి ఒక పాత చీరా, గ్లాసు కాఫీ ఇచ్చింది. నెల జీతమిచ్చి ఇంటికి పంపాలని మాకెవరికీ తట్టలేదు. భారతదేశంలో 2017లో ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలు చేశారు. మామూలు దుకాణాలు, ఆఫీసుల్లో కనీసం పదిమంది పనిచేసే చోటుకే వర్తించే ఆ హక్కు ఇంట్లో పనిచేసేవాళ్లని ఈరోజుకీ చేరలేదు.

ఇక్కడ గ్యాస్ స్టేషన్లు, రెస్టారెంట్లు నడిపే మనవాళ్ల బాధ నాకు తెలుసు. ఉన్న నలుగురిలో ఒకరు పన్నెండు వారాలు రాకపోతే కొట్టు నడవదు. అందుకే డెలావేర్ పదిమంది కంటే తక్కువ ఉన్న యజమానులని మినహాయించింది. అక్కడ 2026 జనవరి నుంచి డబ్బులు ఇస్తున్నారు. న్యూజెర్సీలో కుటుంబ సెలవు నిధికి యజమాని ఏమీ కట్టడు, ఉద్యోగి జీతం నుంచి ఒక శాతం కంటే తక్కువే తీసుకుంటారు. 2026లో గంటకు కనీస వేతనం న్యూజెర్సీలో 15.92 డాలర్లు, డెలావేర్‌లో 15. మన దగ్గర ప్రతినిధుల సభ 2023లో, మళ్లీ 2025లో పెంపుకి ఓటేసినా రాష్ట్ర సెనేట్ దగ్గర ఆగిపోయింది. మనలోనే అమ్మానాన్నల వయసువాళ్లు కిరాణా షాపుల్లో గంటల లెక్కన నిలబడుతున్నారు, వాళ్లని చూడండి.

పన్ను మినహాయింపు ఉన్న సంస్థలం కాబట్టి ఎవరికీ మద్దతు ప్రకటించకూడదని కమిటీ పెద్దలు అన్నారు. నిజమే. కానీ పోటీలో ఉన్నవాళ్లందరినీ సమానంగా పిలిచి వినడానికి చట్టం అడ్డురాదు. 2024 అక్టోబరులో దీపావళిని రాష్ట్రం అధికారికంగా గుర్తించినప్పుడు మనమంతా స్వీట్లు పంచుకున్నాం. ఆ రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌నే మన కాన్పుల గురించి, మన పెద్దవాళ్ల జబ్బుల గురించి కూడా అడుగుదాం.

నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. అయినా రాష్ట్రానికి ఆదాయంలో 3.07 శాతం అందరిలాగే కడుతున్నాను. ఓటున్న అన్నయ్యలకీ అక్కయ్యలకీ నా మనవి: 2022లో మన చుట్టుపక్కల రెండు సీట్లు వంద ఓట్లలోపు తేడాతో తేలాయి. 2026 నవంబరు 3న ప్రతినిధుల సభలో మొత్తం 203 సీట్లకీ ఎన్నిక ఉంది. మన ఒక్క హాల్లో కూర్చున్నవాళ్లు చాలు.

దసరా కార్యక్రమంలో రెండు పార్టీల అభ్యర్థులకీ చెరో పదిహేను నిమిషాలు ఇవ్వండి. భోజనాలకి ముందే ఇవ్వండి. ప్రశ్నలు అడగడానికి నేను మొదట లేస్తాను. ఆ నర్సుకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. నైట్ డ్యూటీ లేని శనివారమైతే వస్తానంది, బడుల గురించి చెప్పాల్సింది మిగిలిపోయిందట.