సవరణ: బోసియెట్ కార్డు ఉన్నంత మాత్రాన రిగ్గు ఉద్యోగం రాదు

మొన్న కాకినాడ, యానాం వైపు కుర్రాళ్ల కోసం రాసినదాంట్లో నేను రెండు తప్పులు రాశాను. బోసియెట్ అనే భద్రతా కోర్సు చేస్తే సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గు మీద ఉద్యోగం గ్యారంటీ అన్నాను. అది నిజం కాదు, దయచేసి దాన్ని నమ్మి ఎవరూ అప్పు చేయకండి. హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎలా బయటపడాలి, మంటలొస్తే ఏం చేయాలి, లైఫ్‌బోటు ఎలా ఎక్కాలి, ఇలాంటివి నేర్పే భద్రతా శిక్షణ మాత్రమే అది, పైగా నాలుగేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. కొన్నిచోట్ల ఉద్యోగంలోకి తీసుకున్నాక కంపెనీయే చేయిస్తుంది, కాబట్టి ముందు ఆ సంగతి కనుక్కోండి.

రెండోది, రౌస్టబౌట్ అనే రిగ్గు కూలీ డ్రిల్లింగ్ దగ్గర పనిచేస్తాడని రాశాను. కాదు, అది ఫ్లోర్‌మన్ పని. కొత్తగా చేరే రౌస్టబౌట్ డెక్ మీదే ఉంటాడు: క్రేన్ దించిన సామాన్లు పట్టడం, పైపులు సర్దడం, కడగడం, పెయింటు వేయడం, రోజుకు 12 గంటలు. ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లు ఆ ట్రేడ్ పోస్టులకూ ప్రయత్నించాలి.

గల్ఫ్ రిగ్గులకైతే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి. సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. లక్షలు అడిగితే ఇవ్వకండి.