బలి చక్రవర్తి ఎట్లాంటోడో పిల్లలనే చెప్పనియ్యుండ్రి

పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతుంటే కడుపు మండుతున్నది. బలి చక్రవర్తి స్వభావం రాయమంటే ఏ పేపరు తీసినా ఒకటే జవాబు. "గొప్ప దాత. సత్యసంధుడు. త్యాగమూర్తి." అక్షరం పొల్లు పోదు. బాగ చదివే పిల్లల పేపర్లల్ల ఇంకో రెండు విశేషణాలు ఎక్కువుంటయి, అంతే తేడా. గైడుల ఉన్నది, క్లాసుల రాయించిన్రు, పిల్లలు బట్టీ పట్టిన్రు, మార్కులు పడ్డయి. ఇంత జరిగినా బలి దిక్కు తలెత్తి చూసిన పిల్ల ఒక్కతి లేదు.

నేను హన్మకొండల తెలుగు చెప్త. బలి కథ ఉన్న 'దానశీలము' పాఠం మనకు పరాయిది కాదు. ఆ పద్యాలు రాసిన పోతనది బమ్మెర, పాలకుర్తి పక్కన. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నం గని మొన్నటిదాక మన వరంగల్ జిల్లానే. తన భాగవతాన్ని రాజులకు అంకితమియ్యనన్న కవి, ఒక రాజు నోటితోనే రాజ్యాలు నిలువయని చెప్పించిండు. ఇంత దగ్గరి కవిని, ఇంత లోతైన పాత్రను మూడు విశేషణాలకు కుదించి పిల్లల చేతుల పెడుతున్నం.

పద్యాలల్ల ఏమున్నదో చూడుండ్రి. వామనుడై మూడడుగుల నేల అడగ వచ్చినోడు విష్ణువు, ఇస్తే అన్నీ పోతయని బలి గురువు శుక్రాచార్యుడు ముందే చెప్పిండు. దానికి బలి ఏమన్నడు? ఎంతమంది రాజులు కాలేదు, వాళ్లెక్కడ, సిరిని మూటగట్టుకొని పోయిన్రా అన్నడు. శిబి లాంటోళ్లు కీర్తి కోరి అడిగినవి ఇచ్చిన్రు, వాళ్లను ఈనాటికీ మరిచిన్రా అన్నడు. 'యశఃకాములై' అని పోతన దాపరికం లేకుండ రాసిండు. మరి బలి వామనుని కోసం ఇస్తున్నడా, తన పేరు నిలవాలని ఇస్తున్నడా? ఇంకో పద్యంల, లక్ష్మీదేవి కొప్పు మీద ఆడిన విష్ణువు చెయ్యి కిందుంటది, ఇచ్చే నా చెయ్యి పైనుంటది, ఇది గొప్ప కాదా అంటడు. ఇది అణకువనా?

మా క్లాసుల ఒక పిల్ల ఈ పద్యం కాడ ఆగి "మేడం, బలికి కొంచెం పొగరు గూడ ఉన్నది" అన్నది. ఎట్ల తెలిసిందే బిడ్డా అనడిగిన. వేలు పెట్టి ఆ పాదం చదివింది. వెనక బెంచీల నుంచి ఒక పిల్లగాడు లేచి, "పొగరు కాదు మేడం, అన్నీ పోతయని తెలిసినంక తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నడు" అన్నడు. వాడు గూడ పద్యం చూపించిండు. నరకమొచ్చినా చావొచ్చినా నా నాలుక తిరగదు అన్న మాటను పట్టుకున్నడు. గంట కొట్టినా వాళ్ల లొల్లి ఆగలే. ఇద్దర్ల ఎవరిది సరైందని నేను చెప్పలే, చెప్పాల్సిన పని గూడ లేదు. ఇద్దరికీ ఆధారమున్నది.

అట్లని ఏది రాసినా ఒప్పుకోవాలె అంటలేను. ఒకడు "బలి ఒట్టి అమాయకుడు, మోసపోయిండు" అని రాసిండు. వచ్చినోడెవరో గురువు విప్పి చెప్పినంక, తెలిసి ఇచ్చినోడు అమాయకుడెట్లయితడు? పాఠంల నిలబడని మాట అది. నిలబడదని వానికి చెప్పొద్దు, పద్యం దగ్గరికి తోలుకపోవాలె. వాడే తిరిగి చదివి కొట్టేసిండు. ఈ పనినే నేను చదువు చెప్పుడు అంట.

శుక్రాచార్యుని గతి ఇంకా అన్యాయం. దానానికి అడ్డమొచ్చిండు కాబట్టి చెడ్డోడని రాసి వదిలేస్తరు. ఆపద వస్తున్నదని ముందుగాల పసిగట్టింది ఎవరు? శిష్యుని రాజ్యం, కులం మునిగిపోతయని తండ్లాడింది ఎవరు? ప్రాణం, మానం పోయేకాడ అబద్ధమాడొచ్చని గూడ నచ్చజెప్పిండు. శిష్యుడు వినకుంటే పదవి పోవాలని శపించింది గూడ ఆయనే. ప్రేమ ఉన్నోడు శాపం పెడతడా? కోపమొస్తే మన ఇండ్లల్ల పెద్దోళ్లు ఎట్లంటరో పిల్లలకు తెలుసు. అడిగి చూడుండ్రి, ఎంత చెప్తరో.

ఈ తెలివి మనకు కొత్తది గాదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరల ఒగ్గు కథ వినేటోళ్ల పక్కన కూసోండి. బడి మొకం చూడని అవ్వలు, కథల ఆమె అట్లెందుకన్నదో, ఆయన ఊకున్నడంటే లోపల ఏమున్నదో ముచ్చట పెట్టుకుంటరు. వాళ్లకు ఏ గైడూ చెప్పలే. ఆ అవ్వల మనుమలే బడికొచ్చి నోరు తెరవకుంటున్నరంటే లోపం పిల్లలది కాదు.

మన పుస్తకంల ప్రతి పాఠం వెనక 'అవగాహన – ప్రతిస్పందన' అని భాగమే పెట్టిన్రు. ప్రతిస్పందన పిల్లది కావాలె గదా? దాన్ని గూడ మనమే బోర్డు మీద రాసిస్తే ఆ పిల్లకు మిగిలింది ఏంది, చేతిరాత తప్ప? సొంతంగ రాసిన జవాబు గైడుల లేదని మార్కు కోసే టీచర్ల మీద నాకు చానా కోపం. ఆ పిల్ల మళ్ల జన్మల సొంతంగ రాయది. ఫలితాల ఒత్తిడి ఉన్నదంటరు. ఉన్నది, నా మీద గూడ ఉన్నది. ఆధారం చూపించి రాసిన జవాబుకు మార్కులు వెయ్యొద్దని ఏ ఒత్తిడీ చెప్పదు.

తల్లిదండ్రులకు గూడ ఒక మాట. పిల్ల కథ చదివినంక "నీతి ఏంది?" అని అడగకుండ్రి. "ఆయన అట్లెందుకు చేసిండంటవ్?" అనుండ్రి. ఏదన్న చెప్తే "యాడ ఉన్నదది?" అనుండ్రి.

తెలుగు సార్లకు, మేడంలకు: వచ్చే ఎఫ్ఏల (బడిల నడుమ నడుమ పెట్టే చిన్న పరీక్షల) స్వభావం వివరించమని అడగకుండ, "బలి కీర్తి కోసమే దానం చేసిండా? పద్యాల ఆధారంగ రాయండి" అని ఒక్క ప్రశ్న పెట్టి చూడుండ్రి. అవునన్నా, కాదన్నా పద్యం చూపిస్తే పూర్తి మార్కులని ముందే చెప్పుండ్రి. పిల్లలు ఏం రాసిన్రో నాకు చెప్పుండ్రి, నేను గూడ చదవాలె.